ప్రాణం మీదికి వచ్చినప్పుడు పక్కనున్నవాళ్ళు ఏం చేయాలి? మా శిక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం జిల్లా గ్రామాల్లో పొదుపు సంఘాల మహిళలకు, ఆశా కార్యకర్తలకు, కాలేజీ పిల్లలకు, ఎరువుల దుకాణాల వాళ్ళకు ఒకరోజు శిక్షణ ఇస్తుంటాం. చచ్చిపోవాలన్న ఆలోచనలో ఉన్న మనిషిని గుర్తుపట్టి మాట్లాడటం, ఎవరైనా పురుగుల మందు తాగినా మాత్రలు ఎక్కువగా మింగినా ఆసుపత్రి చేరేలోపు చేయాల్సినవి, తర్వాత ఆ ఇంటికి తోడుగా నిలవడం నేర్పుతాం. ప్రతి ఊళ్ళోనూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు వస్తాయి. జనం అడిగినట్టే ఇక్కడ రాశాం.

ఇప్పుడే మీ ఇంట్లో ఎవరైనా ఏదైనా తాగో మింగో ఉంటే చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. మీకైనా మీవాళ్ళకైనా బతుకు మీద విరక్తి పుట్టి ఆలోచనలు ఆగకపోతే 14416కి చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఒక్కరోజు నేర్చుకుంటే మేము డాక్టర్లమైపోతామా?

కారు, కానక్కర్లేదు కూడా. పాము కరిస్తే మంత్రం వేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలని ఇప్పుడు చిన్నపిల్లలకూ తెలుసు. వాళ్ళెవరూ పాముకాటు వైద్యం చదవలేదు. మనసు విషయంలోనూ ఊరికి ఆ మాత్రం తెలివిడి వస్తే చాలు.

మానసిక వైద్యం పెద్దాసుపత్రి గోడల మధ్యే జరగాలన్న లెక్కను దేశంలో మార్చినవాటిలో మన పక్కనున్న బళ్ళారి జిల్లా ముఖ్యమైనది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వైద్యులు 1980లలో అక్కడి పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు నేర్పి ఊళ్ళలోనే వైద్యం అందేలా చూశారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ పద్ధతే ఆధారం. రాయదుర్గం దాటితే వచ్చే ఊళ్ళలో అప్పుడే కుదిరిన పని ఇక్కడ కుదరదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం.

చస్తా చస్తా అనేవాళ్ళు చావరు కదా? మొరిగే కుక్క కరవదంటారు.

ఈ ఒక్క సామెత ఎన్ని ఇళ్ళలో తలుపు మూసిందో! చనిపోయినవాళ్ళలో చాలామంది ముందుగా ఎవరో ఒకరితో ఏదో ఒక రూపంలో చెప్పినవాళ్ళే. కోపంలో అన్నాడనో, తాగి అన్నాడనో, బెదిరిస్తున్నాడనో ఇంట్లోవాళ్ళు వదిలేస్తారు. బెదిరింపే అనుకుందాం. ఆ మాట అనకపోతే తన గోడు ఎవరూ వినరనే స్థితికి మనిషి వచ్చాడంటే, అప్పుడైనా వినాలి కదా.

ఒకసారి ప్రయత్నించి బతికినవాళ్ళు మళ్ళీ చేయరన్నదీ తప్పే. వాళ్ళకే ప్రమాదం ఎక్కువ.

మన పల్లెల్లో ఎట్లా గుర్తుపట్టాలి?

పుస్తకాల్లో రాసే లక్షణాలు మీరు విన్నవే: నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ కలవకపోవడం. ఇక్కడ మేము చూసేవి ఇంకొన్ని ఉన్నాయి. ఎప్పుడూ లెక్కలు చెప్పని మనిషి ఎవరికెంత బాకీ ఉందో భార్యను కూర్చోబెట్టి చెప్పడం. పాస్‌పుస్తకం, ఎల్ఐసీ కాగితాలు తీసి అందరికీ కనబడేచోట పెట్టడం. ప్రాణంగా చూసుకునే ఎద్దుల్ని కారణం లేకుండా తమ్ముడికి తోలిపెట్టడం. పిల్లల్ని ఉన్నట్టుండి అమ్మమ్మ ఊరికి పంపించేయడం. ఆడవాళ్ళయితే చాలాసార్లు మనసు బాగాలేదని చెప్పరు. తలనొప్పి, గుండెదడ, ఒళ్ళంతా మంటలని ఆర్ఎంపీ చుట్టూ తిరుగుతుంటారు. వయసు పిల్లలయితే వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు, ఇష్టమైన వస్తువులు స్నేహితులకు ఇచ్చేస్తారు.

ఒకటి మరీ గుర్తుపెట్టుకోండి. నెలల తరబడి కుమిలిపోయినవాడు ఒక్కరోజులో తేటగా, ప్రశాంతంగా కనిపిస్తే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజంగా తేరుకున్నాడేమో. తనలో తాను ఒక నిర్ణయానికి వచ్చేసి ఉండొచ్చు కూడా. ఆ రోజే పక్కన కూర్చుని అడగాలి.

అనంతపురం అంటే అప్పులు, ఎండిన బోర్లు, రైతులు. మిగతావాళ్ళకు ఈ శిక్షణ ఎందుకు?

వేరుశనగ పోయి, బోరు మీద బోరు వేసి కుంగిపోయిన రైతు బాధ ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ అదొక్కటే చూస్తే మిగతావాళ్ళు కనబడకుండా పోతారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. కారణాల్లో అన్నిటికంటే ముందున్నవి కుటుంబ సమస్యలు, 31.7 శాతం; తర్వాత జబ్బులు, 18.4 శాతం. వృత్తిపరంగా చూస్తే నాలుగోవంతుకు పైగా రోజుకూలీలు. బెంగళూరుకు బేల్దారి పనికిపోయిన కుర్రాడు, కొత్తకోడలు, కడుపునొప్పితో ఏళ్ళుగా బాధపడే ముసలాయన, లోన్ యాప్ వాళ్ళ ఫోన్లకు వణికిపోయే డిగ్రీ పిల్లాడు అందరూ ఈ లెక్కలో ఉన్నారు.

పైగా కారణం ఎప్పుడూ ఒక్కటే ఉండదు. పేపర్లో 'అప్పుల బాధతో' అని రెండు ముక్కలు రాస్తారు. ఆ అప్పు వెనక తాగుడు, దాని వెనక ఎన్నాళ్ళుగానో వైద్యం అందని డిప్రెషన్ ఉండొచ్చు.

'చచ్చిపోవాలనిపిస్తుందా' అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

కాదు. దీని మీద చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అడిగించుకున్న మనిషికి ముందు కలిగేది ఊరట.

ఎట్లా అడగాలన్నది శిక్షణలో ఎక్కువసేపు సాధన చేయిస్తాం, ఎందుకంటే ఈ మాట నోటికి రాదు. 'పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?' అని అడిగితే 'ఏమీ లేవు' అనే వస్తుంది. ఆ ప్రశ్నే జవాబు చెప్పి పెట్టేసింది. జనం మధ్యలో వద్దు. చేనిగట్టు మీదో, ఇంటి వెనకాలో ఇద్దరే ఉన్నప్పుడు, మీరెట్లా మాట్లాడుకుంటారో అట్లాగే అడగండి:

'అన్నా, పదిరోజులుగా నిన్ను చూస్తా ఉంటే నాకు భయంగా ఉంది. ఇంత కష్టంలో ఉన్నోళ్ళకు చచ్చిపోదామనిపిస్తాది. నీకూ అనిపిస్తా ఉందా?'

అడిగాక నోరు మూసుకోవాలి. ఇదే కష్టం. మనకు సలహా ఇవ్వకుండా ఉండటం చేతకాదు. 'పిల్లల మొహం చూడు', 'నీకంటే కష్టాల్లో ఉన్నోళ్ళు బతకడం లేదా', 'మగోడివి, ధైర్యంగా ఉండు' అనే మాటలు ప్రేమతోనే వస్తాయి. వినేవాడికి మాత్రం 'నీకు చెప్పుకునే హక్కు కూడా లేదు' అన్నట్టే ఉంటాయి. 'అయ్యో, ఇంత మోస్తా ఉండావా ఇన్నాళ్ళూ' అన్నా చాలు.

ఔను అంటే?

ఒంటరిగా వదలకండి. ఎట్లా చేయాలనుకున్నాడో, దానికి కావలసింది దగ్గరుందో లేదో అడగండి. ఉంటే ముందు దాన్ని అక్కడి నుంచి తీసేయండి. మీ ఫోన్‌లోనే 14416 కలిపి స్పీకర్‌లో పెట్టి ఇద్దరూ మాట్లాడండి. ఆ రోజో మరుసటి రోజో మీరే వెంట ఉండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. 'పోయి చూపించుకో' అని పంపిస్తే బస్టాండ్ దాకా వెళ్ళి తిరిగొచ్చేస్తారు.

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకోబోతే ఒప్పుకోకండి. 'ఊరికి చెప్పను. నీ ప్రాణం నిలబెట్టడానికి ఎవరు అవసరమో వాళ్ళకు మాత్రం చెప్తా' అనండి. ఒట్టు తప్పామన్న బాధ కన్నా ఇదే నయం.

పురుగుల మందు ఇంట్లో లేకుండా సేద్యం ఎట్లా చేస్తాం?

మానేయమనడం లేదు, చేతికి అందకుండా పెట్టమంటున్నాం. చనిపోవాలన్న ఆవేశం చాలామందిలో కాసేపే తీవ్రంగా ఉంటుంది. ఆ కాసేపట్లో చేతికి ఏం దొరికిందన్నదే బతుకూ చావూ తేలుస్తుంది. 1990ల మధ్యలో ప్రపంచంలోనే ఆత్మహత్యలు అత్యధికంగా ఉన్న దేశాల్లో శ్రీలంక ఒకటి. అత్యంత విషపూరితమైన పురుగుల మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోయారు. ఇరవై ఏళ్ళలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. పంట దిగుబడి పడిపోలేదు. ఈ రంగంలో ఇంతకంటే గట్టి ఉదాహరణ మాకు తెలియదు. అయినా మన దగ్గర మందు డబ్బాలు ఇంకా మంచం కిందే ఉంటున్నాయి.

ఎంత కావాలో అంతే కొనండి. మిగిలింది తాళం వేసిన పెట్టెలో, వీలయితే ఇంటికి దూరంగా పెట్టండి. ఇంట్లో దిగులుగా ఉన్న మనిషి ఉంటే తాళంచెవి వేరే ఇంట్లో ఉండాలి. ఖాళీ డబ్బాలు కడిగి నీళ్ళకు వాడకండి. దుకాణం వాళ్ళు ఏ పంట, ఏ పురుగు అని అడిగే అలవాటు చేసుకోవాలి. జవాబు పొంతన లేకుండా ఉన్నా, మనిషి కలవరంగా కనిపించినా 'సరుకు లేదు, రేపు రా' అని పంపి ఇంటికి కబురు పెట్టడం తప్పు కాదు. ఒక దుకాణదారు 'బేరం పోతాది కదప్పా' అన్నాడు. పోతుంది, ఏడాదికి ఒకటో రెండో.

తాగేశాడు. 108 వచ్చేలోపు ఏం చేయాలి?

ఇక్కడ మేము ఎక్కువగా పోరాడేది వంటింటి వైద్యంతో. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, పేడనీళ్ళు, చింతపండు పులుసు, కోడిగుడ్డు తెల్లసొన, మజ్జిగ: ఏదీ తాగించకండి. గొంతులో వేలు పెట్టి కక్కించకండి. స్పృహ తగ్గుతున్న మనిషి కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొన్ని మందులు లోపలికి పోయేటప్పుడు ఒకసారి, పైకి వచ్చేటప్పుడు ఇంకోసారి కాలుస్తాయి.

చేయాల్సినవి ఇవి. మనిషిని గాలి ఆడేచోటికి తేవాలి. ఎడమ పక్కకు తిప్పి, పైకాలు ముందుకు మడిచి పడుకోబెట్టాలి, అప్పుడు వాంతి అయినా బయటికే పోతుంది. బట్టలమీద మందు పడి ఉంటే విప్పేసి ఒళ్ళు సబ్బుతో కడగాలి. చేతులకు గ్లౌజులు లేకపోతే ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి, ఆ మందు మీ చర్మం గుండా కూడా పోతుంది. ఊపిరి ఆగిపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా, నిమిషానికి వంద నుంచి నూటఇరవై సార్లు నొక్కుతూ ఉండాలి. పురుగుల మందు తాగినవాళ్ళకు నోటితో ఊపిరి ఊదకండి. ఇదంతా బొమ్మ మీద మీ చేత చేయిస్తాం, చదివితే రాదు.

డబ్బాను, మాత్రల అట్టను తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. ఏ మందో తెలిస్తే డాక్టరు ఏ విరుగుడు వాడాలో వెంటనే తేల్చుకోగలడు. ఇక్కడే పరువు అడ్డొస్తుంది. 'కడుపునొప్పి సార్', 'ఏదో పడనిది తిన్నాది' అని చేర్పిస్తారు. డాక్టరు దానికే వైద్యం చేస్తాడు, విలువైన గంటలు పోతాయి. ఇంకెక్కడైనా అబద్ధం చెప్పండి గానీ క్యాజువాలిటీలో వద్దు.

బాగానే ఉన్నాడు, లేచి కూర్చున్నాడని ఇంట్లోనే ఆపకండి. కొన్నిటి దెబ్బ రెండు మూడు రోజుల తర్వాతే బయటపడుతుంది. తాగింది కొంచెమేనన్న లెక్క కూడా వద్దు. కుందుర్పి, డి.హీరేహాళ్ లాంటి సరిహద్దు మండలాల వాళ్ళు అనంతపురమే పోవాలని కూర్చోకుండా దగ్గర్లోని కళ్యాణదుర్గం, రాయదుర్గం ప్రభుత్వాసుపత్రుల్లో ముందు వైద్యం మొదలుపెట్టించండి. అక్కడి నుంచి పంపడం వాళ్ళు చూసుకుంటారు.

మత్తు ఎక్కువై పడిపోయిన కుర్రాళ్ళ సంగతి?

నొప్పి ఇంజెక్షన్లు, మత్తు మాత్రలు, కొన్ని దగ్గు సిరప్‌లు ఇప్పుడు పల్లెలకూ వచ్చాయి. వీటిలో నల్లమందు జాతివి ఎక్కువైతే మనిషి ఊపిరి తీసుకోవడమే మరిచిపోతాడు. పిలిచినా గిల్లినా పలకడు, ఊపిరి చాలా నెమ్మదిస్తుంది, గొంతులో గురగుర శబ్దం వస్తుంది, పెదవులు నీలం తిరుగుతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది. 'నిద్రపోతున్నాడు, పొద్దున్నకు దిగుతుందిలే' అని దుప్పటి కప్పి వెళ్ళిపోవడమే ఇందులో ప్రాణం తీసే పని. గురక అనుకున్నది గురక కాకపోవచ్చు.

108కి చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి చూస్తూ ఉండండి. ఊపిరి ఆగితే ఛాతీ నొక్కడం, నేర్చుకున్నవాళ్ళయితే నోటితో ఊపిరి ఇవ్వడం చేయాలి. నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది. అమెరికాలో 2023 నుంచి దాన్ని ముక్కులో కొట్టే స్ప్రేగా డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన దగ్గర అది ఎక్కువగా ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షనే కాబట్టి మన పని త్వరగా చేర్చడం. అది నల్లమందు జాతి మత్తుకే పనిచేస్తుంది, సారాకూ నిద్రమాత్రలకూ పురుగుల మందుకూ పనికిరాదు. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోతే మత్తు మళ్ళీ కమ్ముకోవచ్చు. లేచాడు కదా అని ఇంటికి తెచ్చేసుకోకండి.

పోలీసు కేసు అవుతుందని భయం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆ మనిషికి వైద్యం, ఆసరా అందించడం ప్రభుత్వం బాధ్యతని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేనే లేదు. ప్రభుత్వోద్యోగి విధిని అడ్డుకోవడానికి చేసే ప్రయత్నం ఒక్కటే 226వ సెక్షన్ కింద నేరం.

ఆసుపత్రిలో మెడికోలీగల్ కేసుగా రాస్తారు, పోలీసులు వచ్చి అడుగుతారు. అది నమోదు చేసే పద్ధతి, శిక్ష కాదు. పోలీసు కాగితం వచ్చేదాకా వైద్యం ఆపడానికి మాత్రం ఏ ఆసుపత్రికీ హక్కు లేదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. మత్తుకు అలవాటుపడినవాళ్ళు తమంతట తాము వైద్యానికి వస్తే, చిన్న మొత్తాల కేసుల్లో మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్డీపీఎస్) 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

దయ్యం పట్టిందేమో, ముందు దర్గాకు తీసుకుపోదామంటున్నారు.

గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకోండి, పెనుకొండ బాబయ్య దర్గాకు పోయి రండి. మేము దేవుడితో పోటీ పెట్టుకోం. అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రికీ పోండి. కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లోనూ మానసిక వైద్యులు ఉన్నారు. తాయెత్తు కట్టించుకున్నాక మాత్రలు మానేయడం దగ్గరే మాకు గొడవ.

మాత్రలు మొదలుపెడితే జీవితాంతం వాడాలా?

చాలామందికి అక్కర్లేదు. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం వాడి 'ఏం గుణం లేదు' అని పారేయకండి. గుణం కనిపించాక కూడా డాక్టరు చెప్పేదాకా ఆపకండి. మాత్రల డబ్బా ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉండాలి.

తాగుడు మాన్పించాలని గదిలో పెట్టి తాళం వేశాం. మంచిదేనా?

వద్దు! రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి చలించి లేనివి కనబడవచ్చు, ప్రాణమూ పోవచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మాన్పించాలి. సలహాకు 14446 ఉంది, అది మత్తు అలవాట్ల కోసమే నడిచే ఉచిత నంబరు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. ఇప్పుడు?

అందరూ గండం గడిచిందనుకునే ఈ మొదటి వారాలే ఎక్కువ ప్రమాదం. పరామర్శకు వచ్చేవాళ్ళు ఒక్కొక్కరూ 'ఎంత పని చేసినావప్పా' అని మొదలుపెట్టి, ఏం తాగాడో ఎందుకు తాగాడో పదిసార్లు చెప్పిస్తారు. వాకిట్లోనే వాళ్ళను ఆపే మనిషి ఒకరు కావాలి, ఆ పని ఇంట్లోవాళ్ళ కన్నా పొరుగువాళ్ళే బాగా చేయగలరు. 'అన్నం తిన్నావా, రేపు డాక్టరు దగ్గరికి నేనొస్తా' అనండి. మళ్ళీ చూపించుకోవలసిన తేదీ తప్పనివ్వకండి. అప్పు గొడవ ఉంటే అప్పిచ్చిన పెద్దమనిషితో మాట్లాడటానికి తోడు వెళ్ళండి. మనసుకు మాత్రలిచ్చి, బాకీవాడిని వాకిట్లోనే ఉంచితే ఎట్లా?

మనిషి పోయిన ఇంటికయితే పదకొండో రోజు తర్వాతే మనం ఎక్కువ అవసరం. అప్పటికి చుట్టాలు వెళ్ళిపోతారు. ఆ భార్యను 'నీకు ముందే తెలియలేదా' అని అడగకండి. ఆ ప్రశ్న ఆమె ఇప్పటికే వేసుకుని ఉంటుంది.

ఫొటో, చివరి ఉత్తరం గ్రూపులో వచ్చాయి. పంపొచ్చా?

పంపకండి. అట్లాంటి వివరాలు చూసి అదే దారి పట్టేవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా పిల్లలు. గ్రూప్ అడ్మిన్‌కు చెప్పి తీయించండి.

ఇంటర్ ఫలితాల రోజు మా కాలేజీలో ఏం చేయాలి?

ఫలితాలకు ముందే తల్లిదండ్రులను పిలిచి, తప్పిన పిల్లల్ని ఆ రాత్రి ఒంటరిగా ఉంచొద్దని చెప్పండి. సప్లిమెంటరీ ఎప్పుడో, ఫీజు ఎంతో అదే రోజు బోర్డు మీద రాసిపెట్టండి. ఫలితం చూసుకోవడానికి రాని పిల్లలెవరో కనుక్కుని ఫోన్ చేయండి. ర్యాంకుల ఫ్లెక్సీలు ఒక వారం ఆలస్యంగా కట్టినా కాలేజీకి వచ్చే నష్టమేమీ లేదు.

నేను అన్నీ చేసినా ఆ మనిషి దక్కకపోతే?

అట్లా జరుగుతుంది. శిక్షణ తీసుకున్నవాళ్ళకు ఆ మాట మొదటిరోజే చెబుతాం. మీకు నిద్ర పట్టకపోతే, ఆ ముఖమే కళ్ళముందు ఆడుతుంటే 14416 మీకు కూడా. ఒకే మనిషి మీద ఊరంతా ఆధారపడకుండా కనీసం ముగ్గురిని పంపమని అడిగేది ఇందుకే.

మా ఊళ్ళో శిక్షణ పెట్టించుకోవాలంటే?

మీ ఆశా కార్యకర్తతోనో పొదుపు సంఘం లీడరుతోనో కబురు పంపండి. ముప్ఫైమందికి మించితే మాట్లాడే సాధన కుదరదు. మగవాళ్ళు సగమైనా రావాలి. ఎప్పుడూ ఆడవాళ్ళనే పంపించి మీరు రచ్చకట్ట మీద కూర్చుంటే కుదరదు. ఎరువుల దుకాణం అతన్ని, ఆర్ఎంపీని, ఆటో నడిపేవాళ్ళను తప్పకుండా పిలవండి. డబ్బు కట్టేదేమీ లేదు. జూన్, జులైలో విత్తనం పడే రోజులు వద్దు, ఎవరూ రారు. పొద్దున పదికి మొదలుపెడితే సాయంత్రం నాలుగవుతుంది. మధ్యాహ్నం భోజనం, బొమ్మను పడుకోబెట్టడానికి ఒక చాప మీరు చూసుకోవాలి.